ఇంటి సర్వర్‌లో వీల్యాన్లు: ట్యాగ్ ఎక్కడ తగిలిస్తున్నారు, ఎక్కడ పీకేస్తున్నారు?

ముందు మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ, దానికి నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే. అందులో ప్రాక్స్‌మాక్స్ 8 వేశారు, అంటే ఒకే పెట్టెలో చాలా వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే సాఫ్ట్‌వేర్. ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ ఉంది, వీల్యాన్లు (ఒకే కేబుళ్ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) తెలిసిన వైఫై ఏపీ (వైఫై పంచే పెట్టె) ఉంది, ఇంటర్నెట్ వాళ్లిచ్చిన ఫైబర్ రౌటర్ ఉంది. ఇంటి వాడకానికి 10, కెమెరాలకు 20, చుట్టాలకూ పిల్లల ట్యాబ్‌లకూ 30 అని మూడు వీల్యాన్లు అనుకున్నారు. స్విచ్‌లో సర్వర్ తగిలించిన పోర్టుకు 10ని అన్‌ట్యాగ్డ్‌గా, 20, 30లను ట్యాగ్డ్‌గా ఇచ్చారు.

ఇప్పుడు మూడు గొడవలు. టెస్ట్ వీఎంకి 10 ట్యాగ్ ఇస్తే ఐపీ రావట్లేదు, ట్యాగ్ తీసేస్తే వస్తోంది. 20 ఇస్తే అసలేమీ లేదు. సర్వర్ అడ్రసునే 10 మీదికి మార్చబోతే వెబ్ పేజీ పోయి, మానిటర్ తగిలించుకుని తంటాలు పడ్డారు. ఆఖర్న, ఇంకో నెట్‌వర్క్ కార్డు కొనాలా అని అడిగారు.

కార్డు కొనక్కర్లేదు. మొదటి గొడవా మూడోదీ వేర్వేరు కావు, ఒకే తప్పు రెండు చోట్ల బయటపడింది. రెండోదాంట్లో మీ తప్పేమీ లేదు, ఇంకా చేయాల్సిన పని మిగిలి ఉంది అంతే.

తిరుమలలోనో అన్నవరంలోనో చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. మీరు చెప్పులు కౌంటర్లో ఇస్తారు. అక్కడతను ఒక నంబరు బిళ్ల చెప్పులకు తగిలించి, అదే నంబరు బిళ్ల మీ చేతికిస్తాడు. లోపల వందల జతలు ఒకే అరల్లో పడి ఉన్నా, బిళ్లలున్నాయి కాబట్టి కలగాపులగం కావు. తిరిగిచ్చేటప్పుడు బిళ్ల పీకేసి ఉత్త చెప్పులే ఇస్తాడు.

కెమెరా, టీవీ, ప్రింటర్, మీ ల్యాప్‌టాప్ ఇవన్నీ కౌంటర్ బయట నిలబడ్డ భక్తులు. ట్యాగ్ అనేది ఒకటుందని కూడా వాటికి తెలియదు. స్విచ్‌లో వాటి పోర్టు కౌంటర్ పని చేస్తుంది. లోపలికొచ్చే ఫ్రేముకు, అంటే డేటా ముక్కకు, ఏ నంబరు తగిలించాలో పీవీఐడీ చెప్తుంది. బయటికెళ్లేటప్పుడు ఆ నంబరు పీకేయాలా, ఉంచాలా అన్నది అన్‌ట్యాగ్డ్, ట్యాగ్డ్ అనే సెట్టింగు చెప్తుంది. ఇవి రెండు వేర్వేరు పనులు. చవక స్మార్ట్ స్విచ్‌లలో ఇవి రెండు వేర్వేరు పేజీల్లో ఉంటాయి, ఒకటి మార్చి రెండోది మర్చిపోని మనిషిని నేనింకా చూడలేదు. ఇక స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్యనున్న కేబుల్ స్టాండు లోపలి అర లాంటిది, అక్కడ బిళ్లలతోనే తిరుగుతాయి. దాన్ని ట్రంక్ అంటారు.

ఆ బిళ్ల నిజానికి నాలుగు బైట్ల ముక్క. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ప్రకారం, ఫ్రేములో పంపినవారి మ్యాక్ అడ్రసు తర్వాత దాన్ని దూరుస్తారు. నంబరుకు అందులో 12 బిట్లే చోటు. 0, 4095 పక్కన పెట్టేస్తే 1 నుంచి 4094 దాకా మనం వాడుకోవచ్చు. ఇంటికి నాలుగో ఐదో చాలు.

ఇప్పుడు మీ తప్పు దగ్గరికి వద్దాం. స్విచ్ రెండో పోర్టులో సర్వర్ ఉందనుకుందాం. అక్కడ 10 అన్‌ట్యాగ్డ్, అంటే ఆ కేబుల్ మీద 10కి బిళ్ల ఉండదని స్విచ్ అనుకుంటోంది. మీరు వీఎంకి 10 అని ట్యాగ్ ఇచ్చారు, అంటే అదే కేబుల్ మీద 10కి బిళ్ల ఉంటుందని ప్రాక్స్‌మాక్స్ అనుకుంటోంది. వీఎం 'నాకో ఐపీ ఇవ్వండి' అని అరిచింది. ప్రాక్స్‌మాక్స్ 10 బిళ్ల తగిలించి పంపింది. చాలా స్విచ్‌లు దీన్ని తీసుకుంటాయి, ఎందుకంటే ఆ పోర్టు 10లో సభ్యురాలే. అరుపు రౌటర్ దాకా చేరింది, రౌటర్ జవాబిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం రెండో పోర్టులో 10 అన్‌ట్యాగ్డ్ కాబట్టి స్విచ్ బిళ్ల పీకేసింది. బిళ్ల లేని జవాబు సర్వర్‌లోకి వచ్చింది. సర్వర్‌లోని బ్రిడ్జ్, అంటే ప్రాక్స్‌మాక్స్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్, బిళ్ల లేనివాటిని 1 కింద లెక్కేస్తుంది. 10లో కూర్చున్న మీ వీఎంకి ఆ జవాబు ఎప్పటికీ చేరదు. విండోస్ వీఎం అయితే కాసేపు చూసి 169.254తో మొదలయ్యే అడ్రసు తనకు తనే పెట్టుకుంటుంది.

వెళ్లే దారి ఉంది, వచ్చే దారి లేదు. అందుకే ఇది తెగ తికమక పెడుతుంది. రౌటర్ పేజీలో చూస్తే వీఎంకి ఐపీ ఇచ్చినట్టు కూడా కనపడవచ్చు!

నా మాట నమ్మక్కర్లేదు, కళ్లారా చూడండి. కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, టైపు చేసేది మామూలుగానే. ప్రాక్స్‌మాక్స్ షెల్‌లో, కేబుల్ మీద పోయే ఫ్రేములను చూపే టీసీపీడంప్‌ను మైనస్ ఈ, మైనస్ ఎన్ అని పెట్టి, మైనస్ ఐ తర్వాత అసలు కార్డు పేరు ఇచ్చి నడపండి. ఆ పేరు ఈఎన్ఓ1 లాగా ఉంటుంది. బ్రిడ్జ్ పేరు ఇవ్వొద్దు. మైనస్ ఈ లేకపోతే ట్యాగ్ కనపడదు, అది ముఖ్యం. వీఎంని రీబూట్ చేసి డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పద్ధతి) అన్న లైన్లు మాత్రం చూడండి. వెళ్లే రిక్వెస్టులో 'వీల్యాన్ 10' అని ఉంటుంది. ఒకటి రెండు సెకన్లలో వచ్చే రిప్లైలో ఆ మాటే ఉండదు. పక్కపక్కన ఆ రెండు లైన్లు చూసిన రోజు నాకు వీల్యాన్ అర్థమైంది. అంతకుముందు రెండు నెలలు అర్థమైందని అనుకున్నాను.

సర్వర్ అడ్రసు విషయంలోనూ ఇదే జరిగింది. మీరు వీఎంబీఆర్0 (ఆ బ్రిడ్జ్ పేరు) కింద .10 అని ఉప ఇంటర్‌ఫేసు చేసి దానికి ఐపీ ఇచ్చారు. అది బిళ్ల ఉన్న ఫ్రేముల కోసం ఎదురుచూస్తుంది, స్విచ్ బిళ్ల పీకేసి ఇస్తోంది. వెబ్ పేజీ పోక ఏమవుతుంది?

కాబట్టి ఒక కాగితం మీద ప్రతి కేబుల్‌కీ ఒక గీత గీసి, ఆ గీత మీద ఏయే వీల్యాన్లు వెళ్తాయో, వాటిలో బిళ్ల లేకుండా వెళ్లేది ఏదో రాయండి. ఒక కేబుల్ మీద బిళ్ల లేనిది ఒక్కటే ఉండాలి, రెండు కొసల్లో అదే ఉండాలి.

మీ కేసులో దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు. ఒకటి, స్విచ్‌ని అలాగే ఉంచి, 10లో ఉండాల్సిన వీఎంలకు ట్యాగ్ గడి ఖాళీగా వదిలేయడం. రెండు, స్విచ్‌లో రెండో పోర్టుకు 10ని కూడా ట్యాగ్డ్ చేసి, ప్రాక్స్‌మాక్స్‌లో అన్నిచోట్లా 10 అని రాయడం. పుస్తకం ప్రకారం వెళ్లేవాళ్లు రెండోదే సరైనదంటారు. నేను మాత్రం ఇంటికి మొదటిదే చెప్తాను. ఏ అర్ధరాత్రో స్విచ్ రీసెట్ అయిపోయినా, చచ్చిపోయినా, సర్వర్ పోర్టుకు ల్యాప్‌టాప్ నేరుగా తగిలించి అదే రేంజిలో ఐపీ పెట్టుకుంటే వెబ్ పేజీ తెరుచుకుంటుంది. అదే ఆఫీసైతే వేరే మాట.

దీంట్లో ఒక చిన్న మెలిక ఉంది. వీల్యాన్ అవేర్ అని టిక్కు పెట్టిన బ్రిడ్జ్ మీద వీఎంకి ట్యాగ్ గడి ఖాళీగా వదిలితే, ఆ వీఎంకి ట్రంక్ ఇచ్చినట్టే. బిళ్ల లేనివే కాదు, 20, 30 బిళ్లలున్నవి కూడా దాని గుమ్మం దాకా వస్తాయి. వీఎం లోపల ఎవరైనా 20 అని ఇంటర్‌ఫేసు చేసుకుంటే నేరుగా కెమెరాల మధ్యకు దూకొచ్చు. మీరే వాడే వీఎంలైతే ఫర్వాలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో యాప్ వేసి చూసే వీఎం అయితే, ఆ గడిలో 1 అని రాయండి. అప్పుడు బ్రిడ్జ్‌లోని 1 మాత్రమే, అంటే కేబుల్ మీద బిళ్ల లేనివి మాత్రమే వెళ్తాయి.

ఇక 20 సంగతి. వీల్యాన్ చేయగానే అందులో ఐపీలు పుట్టవు. స్విచ్ చేసేదల్లా వేరు చేయడమే. మీ ఫైబర్ రౌటర్ 10లో ఉంది కాబట్టి అక్కడ ఐపీలు పంచుతోంది. 20లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఖాళీ గది. అందులో అడ్రసులు పంచేవాడు, బయటికి దారి చూపేవాడు ఒకడు కావాలి. ఇళ్లకు ఇచ్చే ఫైబర్ రౌటర్లలో ఎక్కువ వాటికి ఈ పని రాదు. అందుకే రౌటర్ పని చేసే వీఎం ఒకటి కావాలి. నేను ఓపీఎన్‌సెన్స్ వాడతాను. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, ఉచితం, ఇంటికి సరిపోవడమే కాదు, ఎక్కువే.

నేనైతే ఇలా అమర్చుతాను:

పోర్టు 1, ఫైబర్ రౌటర్: 99 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 99. ఇంకేమీ వద్దు.
పోర్టు 2, సర్వర్: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10. 20, 30, 99 ట్యాగ్డ్.
పోర్టు 3, వైఫై ఏపీ: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10. 30 ట్యాగ్డ్. వైఫై కెమెరాలుంటే 20 కూడా.
పోర్టులు 4, 5, ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డర్), కెమెరాలు: 20 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 20.
మిగతావి ఇంటికి: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10.

99 అన్నది బయటి ఇంటర్నెట్‌కి. ఫైబర్ రౌటర్ నుంచి వచ్చేది స్విచ్‌లో 99 బిళ్ల వేసుకుని, అదే ఒక్క కేబుల్ మీద సర్వర్‌లోకి వెళ్లి, ఓపీఎన్‌సెన్స్ చేతిలో పడి, 10 గానో 30 గానో మళ్లీ అదే కేబుల్ మీద బయటికొస్తుంది. వేగం సగమైపోదా అని మీకు అనుమానం రావచ్చు. ఒక గిగాబిట్ పోర్టు వచ్చేవైపు ఒక గిగాబిట్, వెళ్లేవైపు ఇంకో గిగాబిట్ ఒకేసారి మోస్తుంది. మీది 200 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ చేసేటప్పుడు లోపలికి 200, బయటికి 200. చాలా ఖాళీ ఉంది. ఇబ్బంది ఎప్పుడంటే, ఒక వీల్యాన్‌లోని ఎన్‌ఏఎస్ (ఫైళ్లు దాచే పెట్టె) నుంచి ఇంకో వీల్యాన్‌లోని పీసీకి పెద్ద ఫైళ్లు లాగుతూ, అదే సమయంలో ఇంకొకరు వెనక్కి పంపుతుంటే. దానికి మందు కార్డు కాదు, ఎన్‌ఏఎస్‌ని, పీసీలని ఒకే వీల్యాన్‌లో పెట్టుకోండి.

యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ గురించి కూడా అడిగారు. రోజంతా నడిచే ట్రంక్‌కి దాన్ని నమ్మొద్దు. కానీ ఒకటి కొని పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

పోర్టు 1లో '99 తప్ప ఇంకేమీ వద్దు' అన్నది ఊరికే రాయలేదు. కొన్ని స్విచ్‌లు అన్ని పోర్టులనూ ముందే 1లో పెట్టి ఉంచుతాయి, మనం 99 చేర్చినా 1లోంచి తీయాలని గుర్తుండదు. మీరు 10ని అన్ని పోర్టులకూ ఇచ్చేసి ఉంటే అదీ అంతే. ఒకసారి మా తమ్ముడింట్లో ఇలాగే వదిలేశాను. ఫైబర్ రౌటర్ డీహెచ్‌సీపీ కూడా ఇంట్లోకి కారిపోయింది. సగం ఫోన్లకు ఒక రేంజి, సగం ఫోన్లకు ఇంకో రేంజి. మా మరదలి ఫోన్లో ప్రింట్ వస్తుంది, వాడి ఫోన్లో రాదు. వారం రోజులు ప్రింటర్‌ని తిట్టుకున్నాం.

ఐపీ రేంజిలు వీల్యాన్ నంబరుతో కలిసేలా పెట్టుకోండి: 192.168.10, 192.168.20, 192.168.30. ఫైబర్ రౌటర్ రేంజి మాత్రం వీటిలో ఏదీ కాకూడదు. జియో అయితే 192.168.29 ఉంటుంది, చాలావాటికి 192.168.1 ఉంటుంది. రెండువైపులా ఒకే రేంజి ఉంటే ఓపీఎన్‌సెన్స్‌కి ఎటు పంపాలో తెలియదు.

ఓపీఎన్‌సెన్స్ వీఎంకి రెండు కోర్లు, 4 జీబీ ఇవ్వండి. నెట్‌వర్క్ కార్డులు ఎలా ఇవ్వాలన్నదానిలో రెండు పద్ధతులున్నాయి. ఒక కార్డు ట్రంక్‌గా ఇచ్చి వీల్యాన్లు ఓపీఎన్‌సెన్స్ లోపల చేసుకోవడం ఒకటి, వీల్యాన్‌కో వర్చువల్ కార్డు ఇచ్చి ట్యాగ్ ప్రాక్స్‌మాక్స్‌లోనే రాయడం రెండోది. నాలుగు వీల్యాన్లకు రెండోదే హాయి. ట్యాగ్ పని అంతా ప్రాక్స్‌మాక్స్‌లో ఒక్కచోటే ఉంటుంది, ఓపీఎన్‌సెన్స్‌కి వీల్యాన్ అన్న మాటే తెలియక్కర్లేదు. 99కి ఒకటి, 20కి ఒకటి, 30కి ఒకటి, ఇంటికి ఒకటి. ఇంటిదానికి ట్యాగ్ 1 రాయండి, పైన చెప్పిన కారణం చేతే. మోడల్ వర్ట్ఐఓ. ప్రతి కార్డుకూ ప్రాక్స్‌మాక్స్ ఫైర్‌వాల్ టిక్కు తీసేయండి, లేదంటే తర్వాత ఏది ఆపుతోందో తెలియక రెండు చోట్ల వెతకాలి. ఓపీఎన్‌సెన్స్‌లో ఇంటర్‌ఫేసుల సెట్టింగ్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపి ఉందో లేదో చూడండి. వర్ట్ఐఓతో అది ఆన్‌లో ఉంటే పింగ్ చక్కగా వెళ్తుంది, పేజీలు మాత్రం తెరుచుకోవు. దెయ్యం పట్టినట్టుంటుంది.

ఇప్పుడు అసలు పని మొదలుపెట్టేముందు వెనక్కి రావడానికి దారి వేసుకోండి. ఈ ఒక్కటీ చేసి ఉంటే మీకు మానిటర్ తిప్పలు ఉండేవి కావు.

ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు ఉంటుంది, దానికి కాపీ తీసి పెట్టండి. తర్వాత యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి, దానికి ఏ బ్రిడ్జూ లేకుండా నేరుగా 10.99.99.1 లాంటి ఐపీ ఇవ్వండి, గేట్‌వే ఇవ్వొద్దు. ఇది మీ దొడ్డిదారి. అసలు పోర్టు మీద ఏం పాడుచేసుకున్నా, ల్యాప్‌టాప్‌కి 10.99.99.2 పెట్టుకుని ఆ అడాప్టర్‌కి కేబుల్ తగిలిస్తే 8006 పోర్టులో (ఇది స్విచ్ పోర్టు కాదు, ఐపీ పక్కన రాసే నంబరు) వెబ్ పేజీ తెరుచుకుంటుంది. పని అయ్యాక అడాప్టర్ పీకి డ్రాయర్లో పెట్టేయండి.

అడాప్టర్ లేకపోతే ఇంకో ఉపాయం. మార్పు అప్లై చేసేముందు షెల్‌లో ఒక లైను నడపండి: 300 సెకన్లు నిద్రపోయి, పాత కాపీని ఇంటర్‌ఫేసెస్ మీద పెట్టి, ఐఎఫ్‌రీలోడ్ మైనస్ ఏ కొట్టాలి. దాన్ని నోహప్‌తో వెనకాల నడపండి, ఎందుకంటే వెబ్ పేజీ పోతే షెల్ కూడా పోతుంది. మార్పు బాగుంటే అయిదు నిమిషాల్లోపు ఆ పనిని చంపేయండి. బాగోకపోతే టీ తాగి రండి, దానంతటదే పాతదానికి వచ్చేస్తుంది. ప్రాక్స్‌మాక్స్ తనంతట తాను వెనక్కి తేదు, ఆ సౌకర్యం ఉంటుందని నేనూ మొదట్లో అనుకున్నాను.

సర్వర్ ఐపీ మార్చినప్పుడు ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్లో కూడా మార్చండి, పాత ఐపీ అక్కడ ఉండిపోతే తర్వాత ఇబ్బంది. వీఎంబీఆర్0కి వీల్యాన్ అవేర్ టిక్కు పెట్టి అప్లై చేశాక, అప్పటికే నడుస్తున్న వీఎంలను పూర్తిగా ఆపి మళ్లీ లేపండి. ఆ తర్వాత 'బ్రిడ్జ్ వీల్యాన్ షో' కొడితే ఏ ద్వారంలో ఏ నంబర్లు ఉన్నాయో పట్టీ వస్తుంది. ఓపీఎన్‌సెన్స్‌కి కెమెరాల కోసం ఇచ్చిన వర్చువల్ కార్డు పక్కన 20, దాని పక్కన పీవీఐడీ, ఈగ్రెస్ అన్‌ట్యాగ్డ్ అని ఉంటే సర్వర్ వైపు పని సరిగ్గా ఉన్నట్టు. చెప్పుల స్టాండు కౌంటర్ అక్కడ కూడా ఉంది చూశారా, ఈసారి వీఎం బయట నిలబడ్డ భక్తుడు.

ఒక్కో వీల్యాన్ ఒక్కో రోజు చేయండి. ముందు 30, ఎందుకంటే అది పాడైనా ఎవరూ అడగరు. ఇల్లు చివర్న. మ్యాచ్ ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దు.

ఇక మీరు పెద్దగా అడగలేదు కానీ, నేను ఎక్కువ చెప్పాలనుకునేది ఫైర్‌వాల్ రూల్స్ గురించి. వీల్యాన్లు చేసేసి 'కెమెరాలు సేఫ్' అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. మధ్యలో రౌటర్ కూర్చోగానే అది ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి దారి వేసేస్తుంది. ఆ దారిలో ఎవరిని పోనివ్వాలో రూల్స్ చెప్పాలి.

ఓపీఎన్‌సెన్స్‌లో రూల్ రాయాల్సింది ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేసు నుంచి లోపలికొస్తుందో అక్కడ. కెమెరా ఇంటర్నెట్‌కి వెళ్లకూడదంటే కెమెరాల ఇంటర్‌ఫేసులో రాయాలి. పైనుంచి కిందికి చూస్తుంది, మొదట కలిసిన రూల్ దగ్గర ఆగిపోతుంది. ఇంటి ల్యాన్‌కి మొదట్నుంచీ 'అన్నీ పోనివ్వు' అని ఒక రూల్ ఉంటుంది. మీరు కొత్తగా చేర్చిన ఇంటర్‌ఫేసుల్లో ఏ రూలూ ఉండదు, అంటే అన్నీ బంద్. ఐపీ వచ్చింది, ఇంటర్నెట్ రాలేదు అని కంగారు పడొద్దు.

అప్పుడు అందరూ ఏం చేస్తారంటే, ఇంటి ల్యాన్‌లోని 'అన్నీ పోనివ్వు' రూల్‌ని 30లోకి కాపీ కొడతారు. ఇంటర్నెట్ వచ్చేస్తుంది, సంతోషం. కానీ 'అన్నీ' అన్నదాంట్లో ఇంటర్నెట్‌తో పాటు మీ ఇల్లు, కెమెరాలు, ఓపీఎన్‌సెన్స్ లాగిన్ పేజీ కూడా ఉన్నాయి. ఇంత కష్టపడి వేరు చేసి, మళ్లీ తలుపులన్నీ బార్లా తీసినట్టు.

30కి మూడు రూల్స్ చాలు. పైన, 192.168.30.1కి పోర్టు 53 పోనివ్వు, పేర్లు వెతుక్కోవడానికి. దాని కింద, ప్రైవేటు రేంజిలన్నిటికీ వెళ్లేది ఆపు. 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 ఈ మూడూ కలిపి ఒక ఏలియాస్, అంటే ఒకే పేరు, చేసుకోండి. ఆఖర్న, మిగతా అన్నీ పోనివ్వు. వరస మారిస్తే అర్థమే మారిపోతుంది. రేపు 40 అని కొత్త వీల్యాన్ చేసినా, రెండో రూల్ దాన్ని కూడా కాపాడుతుంది.

కెమెరాలకు ఇంకా తక్కువ. నేను మొదట్లో ఏమీ ఇవ్వలేదు, పూర్తిగా బంద్ పెట్టాను. గర్వంగా కూడా ఉండేది. కొన్ని నెలల తర్వాత వీధిలో ఎవరిదో బండి పోతే, 'మీ కెమెరాలో ఉంటుందేమో చూడండి' అని వచ్చారు. రాత్రి పదింటి రికార్డింగ్ తీస్తే సాయంత్రం వెలుతురు. కెమెరాలు ఇంటర్నెట్‌లో టైమ్ సర్వర్‌ని అడగలేక, వాటి గడియారాలు తలో దిక్కుకి జారిపోయాయి. ఒక్కో కెమెరా ఒక్కో టైమ్. చివరికి ఎండా నీడా చూసి లెక్కగట్టి వెతికాం. అప్పట్నుంచి కెమెరాల ఇంటర్‌ఫేసులో 192.168.20.1కి పోర్టు 123 పోనిస్తాను, ఓపీఎన్‌సెన్స్‌లో ఎన్‌టీపీ (టైమ్ చెప్పే సేవ) నడుపుతాను, ప్రతి కెమెరాలో టైమ్ సర్వర్‌గా 192.168.20.1 రాస్తాను. అది తప్ప ఇంకేమీ లేదు.

ఇంటి నుంచి కెమెరా చూడటానికి కెమెరాల వైపు రూల్ అక్కర్లేదు. మీరు 10 నుంచి అడిగారు, దానికి జవాబు తిరిగి రావడం ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుని పోనిస్తుంది. కెమెరా తనంతట తాను 10లోకి రాబోతే ఆగిపోతుంది. కావాల్సింది సరిగ్గా అదే.

రెండు జాగ్రత్తలు. ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు కెమెరాల మధ్య మాటలు ఓపీఎన్‌సెన్స్ దాకా రావు, వాటిని ఏ రూలూ ఆపలేదు. అతిథుల వైఫైలో ఒకరి ఫోన్ ఇంకొకరికి కనపడకూడదంటే ఏపీలో క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి. రెండోది, కెమెరాలకు ఇంటర్నెట్ ఆపగానే బయట నుంచి ఫోన్ యాప్‌లో చూడటం ఆగిపోతుంది. ఇంట్లో ముందే చెప్పండి. దానికి ఓపీఎన్‌సెన్స్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు, అయితే ఫైబర్ రౌటర్‌కి వచ్చిన బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నట్టు, అంటే ఒకే బయటి ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటున్నట్టు, బయట నుంచి నేరుగా రాలేరు. అప్పుడు టెయిల్‌స్కేల్ లాంటిది వాడండి.

ఓపీఎన్‌సెన్స్‌ని వీఎంగా పెట్టడం మీద ఒక నిజం చెప్పాలి. సర్వర్ ఆగితే ఇంటి ఇంటర్నెట్ ఆగుతుంది. ర్యామ్ మారుద్దామని పది నిమిషాలు ఆపినా ఆగుతుంది. మా అమ్మ సీరియల్ మధ్యలో ఒకసారి ఆపాను, ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది. అందుకని ఫైబర్ రౌటర్ సొంత వైఫైని నేను ఆపలేదు. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి, అది ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించాను. సర్వర్ పోతే అందరూ దానికి మారిపోతారు, నేను నిదానంగా చూసుకుంటాను. అది 99 వైపు ఉంటుంది కాబట్టి దాంట్లోంచి ఇంట్లోకి దారి లేదు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అవ్వాలన్న ఆప్షన్ పెట్టండి, పాత ఆఫీస్ మినీ పీసీల్లో అది సాధారణంగా ఆపి ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్‌లో ఓపీఎన్‌సెన్స్‌కి స్టార్ట్ ఎట్ బూట్ టిక్కు పెట్టి ఆర్డర్ 1, ఆలస్యం 60 సెకన్లు ఇవ్వండి. మిగతావి దాని తర్వాతే లేవాలి. ఫైబర్ రౌటర్, స్విచ్, సర్వర్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఉన్నా లేనట్టే.

ఓపీఎన్‌సెన్స్ లేవకపోతే ఇంట్లో ఐపీలు పంచేవాడు ఉండడు, మీ ల్యాప్‌టాప్‌కి కూడా రాదు. ప్రాక్స్‌మాక్స్ మాత్రం బతికే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.10.50 లాంటిది పెట్టుకుంటే సర్వర్ పేజీ వస్తుంది. సర్వర్ ఐపీ, స్విచ్ ఐపీ కాగితం మీద రాసి స్విచ్ కిందే అంటించండి. ఆ టెన్షన్‌లో ఏదీ గుర్తురాదు.

మిగతా చిన్నవి. ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ చేయడం ఎండీఎన్ఎస్ (పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి) మీద నడుస్తుంది, అది వీల్యాన్ దాటదు. దాటించే ప్లగిన్ ఉంది కానీ, టీవీని ఫోన్లతో పాటు 10లోనే పెట్టడం ఉత్తమం. ప్రింటర్ కూడా అంతే. బయటికి అసలు సంబంధం లేని ల్యాబ్ వీఎంలకు వీల్యాన్ అక్కర్లేదు, ఏ పోర్టూ ఇవ్వకుండా వీఎంబీఆర్1 అని ఇంకో బ్రిడ్జ్ చేయండి. వాటి ట్రాఫిక్ కేబుల్ ఎక్కదు, సర్వర్ లోపలే తిరుగుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో ఎస్‌డీఎన్ (సాఫ్ట్‌వేర్‌తోనే నెట్‌వర్క్‌లు అల్లే సౌకర్యం) అన్న మెనూ చూసి అది వాడాలా అని అడిగారు. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి అది పూర్తి స్థాయి ఫీచర్, బాగుంటుంది, కానీ రెండు మూడు సర్వర్లను కలిపి నడిపేవాళ్లకు. ఒక్క పెట్టెకి అది తలనొప్పే.

ముందు టెస్ట్ వీఎం ట్యాగ్ తీసేయండి, సర్వర్ ఐపీని .10లోంచి మళ్లీ వీఎంబీఆర్0 మీదికి తెచ్చేయండి. అది కుదురుకున్నాక ఓపీఎన్‌సెన్స్, దాని తర్వాత 30. అప్పటికీ 30లో ఐపీ రాకపోతే స్విచ్‌లో సభ్యత్వం పేజీ, పీవీఐడీ పేజీ రెండూ ఫోటో తీసి పెట్టండి, 'బ్రిడ్జ్ వీల్యాన్ షో' అవుట్‌పుట్ కూడా జత చేయండి. ఒక్క పేజీ పెడితే మళ్లీ రెండోది అడగాల్సి వస్తుంది.